జేవియర్ స్పీకర్లు, ఫిలోమినా పోపు

సౌండు పని చేసేవాళ్ళు కొత్త గదిలో అడుగుపెట్టగానే ఒకసారి చప్పట్లు కొట్టి చూస్తారు. గోడలు ఎంత మోగుతున్నాయో తెలుసుకోవడానికి. ఫిల్మ్‌నగర్‌లో అది మామూలే, ఎవరూ పట్టించుకోరు. కానీ జేవియర్ తెనాలిలో పెళ్ళిచూపులకి వెళ్ళిన ఇంట్లో కూడా కొట్టాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి, హాలు మధ్యలో నిలబడి, ఫట్‌మని ఒక్క చప్పట. పెళ్ళికూతురి మేనత్త ఉలిక్కిపడి, "కుర్రాడికి ఏమన్నా తేడానా?" అని వదినగారి చెవి కొరికింది.

"ఏం లేదండీ. హాలు కొంచెం మోగుతోంది. కర్టెన్లు కడితే సరిపోతుంది," అన్నాడు జేవియర్.

తలుపు చాటున ఉన్న ఫిలోమినాకి నవ్వాగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆ నవ్వు బయటికొచ్చేసింది. జేవియర్ అటు తిరిగి, "ఆ గొంతు మాత్రం బాగుంది," అన్నాడు. సంబంధం అక్కడే కుదిరిపోయింది. కర్టెన్లు మాత్రం ఆ ఇంటికి ఇప్పటికీ కట్టలేదు.

పెళ్ళయ్యాక రహమత్‌నగర్‌లో మేడ మీద ఒక వాటా అద్దెకి తీసుకున్నారు. జేవియర్ పని ఫిల్మ్‌నగర్‌లో, సుబ్బరామయ్యగారి డబ్బింగ్ స్టూడియోలో. ఒకప్పుడు ప్రొడక్షన్ మేనేజరుగా చేసిన సుబ్బరామయ్యగారు తర్వాత ఒక బిల్డింగు సెల్లారు తీసుకుని ఈ స్టూడియో పెట్టుకున్నారు. నటీనటుల గొంతులు రికార్డు చేసి, వాటిని పాటలకీ చప్పుళ్ళకీ సరిపోయేలా కలిపి, బొమ్మని థియేటరుకి పంపే పని జేవియర్‌ది. పేరు తెర మీద పడేది చివర్లో, జనం చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు.

కాపురానికొచ్చిన కొత్తలోనే ఒక రోజు స్టూడియో మైకు ఇంటికి పట్టుకొచ్చాడు. ఫిలోమినా చారులోకి పోపు పెడుతుంటే బాణలి పక్కన మైకు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేం పిచ్చండీ?"

"పిచ్చి కాదు ఫిలో. పోపులో అన్నీ ఉంటాయి. నూనె కాగే గరగర ఉందా, అది మధ్య శబ్దం. ఆవాలు చిటపటమంటాయే, అంత సన్నటి, అంత పదునైన శబ్దం పెద్ద పెద్ద వాయిద్యాల్లో కూడా రాదు. ఏ స్పీకరైనా నీ ఆవాలు సరిగ్గా వినిపించిందంటే అది మంచి స్పీకరు."

"జరగండీ, నూనె చిందుతుంది!" అని ఫిలోమినా అరిచేసరికే చిందింది. మైకు పట్టుకున్న కుడి మణికట్టు మీద చింతగింజంత బొబ్బ లేచింది. అది మానినా మచ్చ పోలేదు. ఆ అరుపు కూడా రికార్డులో ఉండిపోయింది.

అప్పట్నుంచి స్టూడియోలో ఏ స్పీకరు పరీక్షించాలన్నా జేవియర్ వేసేది ఆ పోపే. అందరికీ అది "ఫిలోమినమ్మ పోపు". ఆకలి వేళల్లో వేయొద్దని డబ్బింగ్ అమ్మాయిలు బతిమాలేవాళ్ళు.

ఇక స్పీకర్ల సంగతి. జేవియర్ ముందు రెండు నల్లటి డబ్బాలు ఉండేవి. ఒక్కో దాంట్లో లావు శబ్దాలకి కింద పెద్ద గిన్నెలాంటిది, సన్నటి శబ్దాలకి పైన ట్వీటరనే చిన్న బుడిపె. వచ్చిన శబ్దాన్ని రెండుగా విడదీసి, ఏది ఎటు పోవాలో పంపించేది లోపల ఉన్న అరచేయంత బోర్డు. దాన్నే క్రాసోవర్ అంటారు. ఫిలోమినా అర్థం కాలేదంటే జేవియర్ చెప్పిన లెక్క ఇదీ: "జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ ఉంటాడు చూశావా? లారీల్ని ఇటు తోలతాడు, స్కూటర్లని అటు తోలతాడు. ఇదీ అంతే. అక్కడ ఒక్క పోలీసు, ఇక్కడ ఐసీలనే చిప్పులూ కెపాసిటర్లూ రెసిస్టెన్సులూ కలిసి ఆ డ్యూటీ చేస్తాయి."

"మరి పోలీసు చాయ్ తాగడానికి పోతే?"

"అదే రిపేరు."

చాలా ఏళ్ళు ఆ స్పీకర్లు ఏ పేచీ పెట్టలేదు. జేవియర్‌కి యాభై దాటి అరవైకి దగ్గర పడుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "స్పీకర్లు డల్లయ్యాయి ఫిలో," అన్నాడు. "పోపు వేసి చూశాను. ఆవాలు పేలట్లేదు. నానిపోయినట్టున్నాయి."

పాత వస్తువు, అయ్యుంటుందిలే అనుకుంది ఫిలోమినా. అందులో కొంత నిజం కూడా ఉంది. గుండ్రటి డబ్బాల్లాంటి కెపాసిటర్లు వేడికి ఏళ్ళ తరబడి కూర్చుని ఎండిపోతాయి. వాటిని మార్చాల్సిందే. జేవియర్ శనివారం కోఠీకి వెళ్ళాడు, కూరగాయల సంచీ పట్టుకుని ఫిలోమినా వెంట వెళ్ళింది. అక్కడ సందులో బాలనర్సయ్య దుకాణం. మనిషి కూర్చోవడానికి తప్ప మిగతా చోటంతా సొరుగులే.

"అన్న, గీ కెపాసిటర్ సూడు," అన్నాడు బాలనర్సయ్య, పెట్టెలాంటి ఎర్రటి ముక్క ఒకటి తీసి. "ఎండుడు లేదు, ఉబ్బుడు లేదు. జిందగీ అంత నడుస్తది. కాకపోతే జర పెద్దగుంటది, నీ బోర్డుల పడ్తదో లేదో."

"పడకపోతే కాళ్ళు వంచి నిలబెడతా."

"ఐసీ గిట్ల మారుస్తవా? గిది మస్తు తేజ్ ఉంటది. కానీ పాత బోర్డుల పెడితే ఆగదు, ఎగురుతది. సూస్కోని పెట్టు. మల్ల బాలనర్సయ్య చెప్పలేదనొద్దు."

"నువ్వు చెప్పింది ఎప్పుడు విన్నానని?"

"గదే నా ఫికర్," అన్నాడు బాలనర్సయ్య.

కెపాసిటర్లు మారాయి. జేవియర్ పోపు వేసుకుని విన్నాడు. బాగానే ఉందిగానీ ఇంకా తెరుచుకోలేదన్నాడు. అప్పుడు ఐసీ దగ్గరికొచ్చాడు. ఆదివారం చర్చిలో పూజ నుంచి ఇంటికొచ్చాక భోజనాల బల్ల మీద పాత చీర పరిచి, ఒక స్పీకరు విప్పి, ఎనిమిది కాళ్ళ ఆ చిన్న పురుగు లాంటి దాన్ని తీసి, బాలనర్సయ్య ఇచ్చిన తేజ్ ఐసీ పెట్టాడు. స్విచ్చి వేశాడు. పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న ఫిలోమినా తలెత్తింది.

"ఏవండీ, ఏదో కీచుమంటోంది."

"ఏం కీచు?"

"సన్నగా. చెవిలో దోమ దూరినట్టు."

జేవియర్ ట్వీటరు దగ్గర చెవి పెట్టాడు. అటు చెవి, ఇటు చెవి మార్చి మార్చి పెట్టాడు. "ఏం లేదు. నీ చెవిలో గుబిలి ఉంటుంది, చూసుకో."

కింద వాటాలో ఇంటివాళ్ళ కుక్కపిల్ల మెడ పైకెత్తి ఏడుపు లంకించుకుంది. జేవియర్ ఐసీ మీద వేలు పెట్టి, చుర్రుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు. మీటరు పెట్టి చూసి, "బాలనర్సయ్య చెప్పిందే నిజమైంది. ఇది పిచ్చెక్కినట్టు ఊగుతోంది," అని దాన్ని పీకేసి పాతదే పెట్టాడు. కీచు ఆగింది. కుక్కపిల్ల కూడా ఆగింది.

ఐసీ ఎంత కాలిపోయిందో జేవియర్ చాలాసేపు చెప్పాడు. కీచు సంగతి మాత్రం ఎత్తలేదు. ఫిలోమినా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తనకి వినిపించింది. కుక్కపిల్లకి వినిపించింది. ఆయనకి వినిపించలేదు.

ఒకసారి తెలిశాక అన్నీ వరసగా గుర్తొచ్చాయి. కుక్కరు విజిల్ వేసే ముందు సన్నగా బుసకొడుతుంది కదా, పూర్వం దానికే "వస్తోంది వస్తోంది" అని లోపల్నించి కేకేసేవాడు. ఇప్పుడు విజిలొచ్చాకే తలెత్తుతున్నాడు. ఈ మధ్య ఇంట్లో పోపు పెడుతుంటే, "ఎక్కడ కొంటున్నావు ఈ ఆవాలు? ముక్కిపోయినట్టున్నాయి, పేలట్లేదు," అని విసుక్కున్నాడు. ఫిలోమినా అంగడి కూడా మార్చింది. ఆవాలు, స్టవ్వు, కెపాసిటర్లు, అన్నింటి మీదా అనుమానమొచ్చింది మహానుభావుడికి, ఒక్క చెవుల మీద తప్ప.

చెప్పేస్తే పోయేది. కానీ ఎలా చెప్తుంది? ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో ఒక పెద్ద రికార్డిస్టు గురించి జేవియరే అన్నాడు: "చెవులు పోయాక కుర్చీ పట్టుకుని వేలాడటమేంటి? లేచి దణ్ణం పెట్టి ఇంటికి పోవాలి." ఆ మాట ఆమె మర్చిపోలేదు. ఆయనా మర్చిపోయి ఉండడు. నోరు జారితే ఆ మనిషి నిజంగానే లేచి దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. వచ్చేసి ఏం చేస్తాడు? ఆ కుర్చీ తప్ప జేవియర్‌కి వేరే ఊరు లేదు.

జేవియర్ అక్కడితో ఆగి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆగలేదు. ట్వీటరు వైపు వెళ్ళే దారిలో ఒక రెసిస్టెన్సు ఉంటుంది, సన్నటి శబ్దం ఎంత గట్టిగా వెళ్ళాలో అది చెప్తుంది. దాన్ని మార్చాడు. సన్నటి శబ్దాలు పెరిగాయి. వినేసరికి ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడు తెరుచుకుంది!" అన్నాడు.

ఫిల్మ్‌నగర్‌లో ఒక పద్ధతుంది. రికార్డిస్టు ఏం వినిపించినా "సూపర్ సార్" అనాలి. కుర్చీలో ఉన్నాయన స్పీకరుని తప్పు పట్టడమంటే ఆయన ఇంటికెళ్ళి ఆయన భార్య చేసిన కూరలో ఉప్పు లేదనడం లాంటిది. కాబట్టి స్పీకర్లు చెవుల్లో సూదుల్లా గుచ్చుతున్నా ఎవరూ స్పీకరుని అనలేదు. గొంతుని అన్నారు.

అప్పుడు నడుస్తున్నది రిత్విక్ అనే కొత్త డైరెక్టరు బొమ్మ. హీరోయినుకి డబ్బింగ్ చెప్తున్నది భువన. రిత్విక్ సోఫాలో కూర్చుని విని, మొహం చిట్లించి, "భువన గారూ, మీ స, శ కొంచెం గుచ్చుతున్నాయండీ," అన్నాడు. పాపం భువన, పంటి సందు వల్లేమోనని షేక్‌పేటలో పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది. ఆయన పళ్ళన్నీ చూసి, మీ పళ్ళకి నేను ఫీజు తీసుకోవడం పాపం అన్నాడట.

"జేవియర్ సార్, ఆ సకారాలు కొంచెం తగ్గించండి," అన్నాడు రిత్విక్.

"నాకు బాగానే ఉంది. సరే, మీ ఇష్టం," అని జేవియర్ భువన గొంతులో పదును కోసేశాడు. ప్రతి సీనులోనూ అంతే.

ప్రివ్యూ థియేటర్లో వేసి చూస్తే హీరోయిను దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. అక్కడి స్పీకర్లు మామూలువి కదా! ఇక్కడ కోసేసిన పదును అక్కడ లేకుండా పోయింది. విషయం జేవియర్ దాకా వచ్చింది. వస్తే ఏమనుకున్నాడు? "చెప్పానా, మన స్పీకర్లు ఇంకా డల్లుగా ఉన్నాయి. ఉన్నదున్నట్టు వినిపించట్లేదు," అనుకుని రెసిస్టెన్సు మళ్ళీ మార్చి, ట్వీటర్ ఇంకా పెంచాడు. రిత్విక్ ఇంకా తగ్గించమన్నాడు. రెండో ప్రివ్యూలో ఒక దుప్పటి మీద ఇంకో దుప్పటి.

ఆ సాయంత్రం సుబ్బరామయ్యగారు ఫోన్ చేశారు. జేవియర్ స్నానంలో ఉన్నాడు. ఫిలోమినా ఎత్తింది.

"అమ్మా ఫిలోమినా, నేను చెప్పానని చెప్పకు. ఆ కుర్రాడు వేరే స్టూడియోకి పోతానంటున్నాడు. ఇంకొక్క ప్రివ్యూ చూద్దామని ఆపాను. ఈసారీ ఇలాగే ఉంటే మిక్సింగు ఇంకొకరికి ఇవ్వక తప్పదు. నా నోటితో నేను జేవియర్‌కి ఎలా చెప్పనమ్మా?"

"ఆయనకి ఎవరూ ఏమీ చెప్పరు కదండీ మీ ఊళ్ళో," అంది ఫిలోమినా. చాలా మెత్తటి మనిషి, ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అవతల సుబ్బరామయ్యగారు కాసేపు దగ్గారు.

జేవియర్ తల తుడుచుకుంటూ వచ్చి, "రేపు లంచ్ టైములో ట్వీటర్ ఇంకొక్క మెట్టు పెంచుతా. బాలనర్సయ్య దగ్గర రెసిస్టెన్సు తెచ్చాను. దాంతో సరిపోతుంది," అన్నాడు. ఆయన మొహంలో ఎంత నమ్మకముందంటే ఫిలోమినా ఫోను సంగతి ఎత్తకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. రేపు ఆ రెసిస్టెన్సు పడితే మూడో ప్రివ్యూ కూడా పోతుంది. కుర్చీ పోతుంది. నోటితో చెప్తే మనసు విరిగి తనే కుర్చీ వదిలేస్తాడు. ఆ రాత్రి చారులోకి పోపు పెడుతూ బాణలి వంక చూస్తూ నిలబడింది. ఆవాలు మాడిపోయాయి. అప్పుడు తోచింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ ఫిలోమినా సెల్లారు మెట్లు దిగింది. చేతిలో సంచీ. అందులో చిన్న బాణలి, నూనె సీసా, పోపుల డబ్బా, కరివేపాకు. స్టూడియోలో టీ పెట్టుకునే కరెంటు పొయ్యి పట్టుకొచ్చి, జేవియర్ బల్ల మీద రెండు స్పీకర్లకీ మధ్య పెట్టింది.

జేవియర్ చేతిలో రెసిస్టెన్సు పట్టుకుని బిత్తరపోయాడు. "ఏంటి ఫిలో ఇది? ఇది మిక్సింగ్ రూమా, వంటిల్లా?"

"ఆవాలు బాగాలేవని రోజూ నన్ను ఆడిపోసుకుంటున్నారుగా. అంగడి మార్చి కొత్తవి తెచ్చాను. స్పీకర్లో ఆవాలూ బయట ఆవాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. కెపాసిటర్లు మీరు అలాగే కదా చూస్తారు, పాతదొకటి, కొత్తదొకటి?"

జేవియర్‌కి అది నచ్చింది. పద్ధతిగా ఉన్నదేదైనా ఆయనకి నచ్చుతుంది. "అయితే ముందు స్పీకరు వేద్దాం," అన్నాడు కుర్చీ సర్దుకుంటూ.

"మరి కళ్ళు మూసుకోండి. కళ్ళు తెరిచి వినేవాడు వినడు, చూస్తాడని మీరేగా అంటారు. మీట నేను నొక్కుతాను." పొడుగ్గా ఉండే ఆ మీట నొక్కితే పాట మొదలవుతుందని ఆమెకి తెలుసు. స్టూడియోలో తెలిసిన మీట అదొక్కటే.

జేవియర్ కళ్ళు మూసుకున్నాడు. నూనె అప్పటికే కాగి గదంతా వాసన. ఫిలోమినా మీట జోలికి పోలేదు. గుప్పెడు ఆవాలు బాణలిలో వేసింది. అవి ఒక్క క్షణం ఆలోచించి, చిటపటా, చిటపటా పేలడం మొదలుపెట్టాయి. ఒకటి ఎగిరొచ్చి ఫిలోమినా గాజు మీద టింగుమంది.

"చూశావా?" అన్నాడు జేవియర్, కళ్ళు మూసుకునే. "చూశావా, ఎంత డల్లుగా ఉందో! మళ్ళీ పడిపోయింది. ఇంకా తెరుచుకోవాలి ఫిలో. ఈ స్పీకర్లకి ఏదో అయింది."

ఫిలోమినా కరివేపాకు రెమ్మ పట్టుకుని అలాగే నిలబడింది.

ఆమె పలకకపోయేసరికి జేవియర్ కళ్ళు తెరిచాడు. ముందు ఆమె మొహం చూశాడు. తర్వాత బాణలి. ఆవాలు పిచ్చిగా ఎగురుతున్నాయి. తర్వాత కంప్యూటరు తెర మీద కదలకుండా నిలబడి ఉన్న గీత చూశాడు. స్పీకర్ల పచ్చ లైట్లు కూడా వెలగడం లేదు. రెసిస్టెన్సు వేయడానికని వాటిని ఆపింది ఆయనే.

ఆయన నెమ్మదిగా వంగి బాణలి దగ్గర చెవి పెట్టాడు. ఆ రోజు స్పీకరు దగ్గర పెట్టినట్టే, ఆ చెవీ ఈ చెవీ మార్చి పెట్టాడు.

"దూరం జరగండీ, చిందుతుంది," అంది ఫిలోమినా.

జేవియర్ వెనక్కి జరిగి కూర్చున్నాడు. చేతిలో రెసిస్టెన్సుని బల్ల మీద పెట్టాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"కుక్కపిల్ల ఏడ్చిన రోజు నుంచి."

"మరి చెప్పొచ్చుగా."

"చెవులు పోతే దణ్ణం పెట్టి ఇంటికి పోవాలని మీరేగా అన్నారు. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుంటే నేను పడగలనా? నా వంటింటి గోడలకి కూడా కర్టెన్లు కట్టమంటారు."

జేవియర్ నవ్వాడో ఏడ్చాడో ఫిలోమినాకి తెలియలేదు. బాణలి పొగకి ఆమె కళ్ళు కూడా మండుతున్నాయి. "మరిప్పుడు?" అన్నాడు చివరికి.

"ముందు ఎండుమిరపకాయలూ కరివేపాకూ వేయనివ్వండి. మాడిపోతోంది."

కరివేపాకు సుయ్యిమనే సరికి తలుపు తోసుకుని సుబ్బరామయ్యగారు వచ్చారు. ఎండుమిరపకాయ ఘాటుకి వరసగా తుమ్ములు. "ఏమయ్యా... హాచ్... ఏసీ గదిలో పోపేంటయ్యా?"

జేవియర్ లేచి నిలబడ్డాడు. దణ్ణం పెట్టేస్తాడేమోనని ఫిలోమినా ఆయన చేతుల వంకే చూసింది. పెట్టలేదు. "సుబ్బరామయ్యగారూ, స్పీకర్లు బాగానే ఉన్నాయండీ. నా చెవులే డల్లయ్యాయి. సన్నటి శబ్దాలు నాకు వినపడట్లేదు. ఆ కుర్రాడి బొమ్మ పాడైంది నా వల్లే. భువన పళ్ళు మంచివే," అన్నాడు.

సుబ్బరామయ్యగారు రుమాలుతో ముక్కు తుడుచుకున్నారు. ఫిల్మ్‌నగర్‌లో అంత ముక్కుసూటి మాట విని ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "ఒరేయ్ జేవియర్, నీకు సన్నటివే కదా పోయాయి. నాకు ఎడమ చెవి మొత్తమే పోయి ఎన్నాళ్ళో అయింది. రెండు స్పీకర్లెందుకు కొనిపించావా అని నేను ఇన్నేళ్ళూ మనసులో తిట్టుకుంటున్నాను," అన్నారు.

ఫిలోమినా నవ్వింది. పెళ్ళిచూపుల నాటి నవ్వు అది, కొంగుకి ఆగలేదు.

"మరి స్పీకర్లు?" అన్నారు సుబ్బరామయ్యగారు.

"మొదట్లో ఎలా ఉండేవో అలాగే చేస్తానండీ. ఈసారి చెవితో కాదు, మీటరుతో."

శనివారం మళ్ళీ కోఠీ. బోర్డులో మిగిలిన, ఎండిపోయే రకం కెపాసిటర్లు కొత్తవే కావాలి గానీ విలువ మాత్రం స్పీకరు తయారైన రోజున ఉన్నదే ఉండాలి. ఐసీ పాత రకమే. రెసిస్టెన్సులు స్పీకరుతో వచ్చిన సర్క్యూట్ కాయితంలో ఎలా ఉంటే అలాగే. ఎడమ స్పీకరులో ఏది పడిందో కుడిదాంట్లో కూడా అచ్చం అదే పడాలి. ఒక్కో దాన్నీ మీటరు మీద పెట్టి, ఒకేలా ఉన్న జంటల్ని ఏరుకోవాలి. జేవియర్ మీటరు పట్టుకుంటే ఫిలోమినా రెండేసి ఏరి పక్కన పెట్టింది. రెసిస్టెన్సుల మీది రంగు గీతలు చీర అంచుల్లా ఉన్నాయని ఆమెకి ఇట్టే పట్టుబడ్డాయి.

"ఏంది అన్న, మల్ల పాత మాలే అడుగుతున్నవ్? కొత్తయి మంచిగ లేవా?" అన్నాడు బాలనర్సయ్య.

"కొత్తవి మంచిగానే ఉన్నాయి. నేనే పాతబడ్డా."

"గట్లనా. మరి గాదానికి నా కాడ మాల్ లేదు," అని బాలనర్సయ్య ఇద్దరికీ చాయ్ చెప్పాడు.

పెట్టెలాంటి ఎర్ర కెపాసిటర్లు జేవియర్ పీకబోయాడు గానీ, మీటరు మీద విలువ సరిపోయింది కాబట్టి వాటిని ఉండనిచ్చాడు. తప్పు వాటిది కాదు కదా. బోర్డు బిగించాక పోపు వేశాడు. తను వినలేదు. వెనక్కి తిరిగి ఫిలోమినా మొహం చూశాడు.

ఆమె కళ్ళు మూసుకుని విని, "ఆ, ఇవీ నా ఆవాలు," అంది. "ఇన్నాళ్ళూ రేకు మీద వడగళ్ళు పడ్డట్టు వినిపించింది."

రిత్విక్ బొమ్మ మళ్ళీ మొదట్నుంచి కలిపారు. జేవియర్ తన పని తను చేసుకుపోయేవాడు. మాట ఎంత ముందుండాలి, పాట ఎక్కడ తగ్గాలి, ఎక్కడ అసలు శబ్దమే ఉండకూడదు, అవన్నీ ఆయన చేతుల్లో ఎప్పటిలాగే ఉన్నాయి. ఫిలోమినా వెనక సోఫాలో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టుకుని కూర్చునేది. సకారం గుచ్చితే కాయ ఒలవడం ఆపేది. జేవియర్ ఆ ఆగడాన్ని ఎలా పసిగట్టేవాడో, వెనక్కి చూడకుండానే చెయ్యి మీట మీదకి వెళ్ళేది. మొదటి రోజు రిత్విక్ ఏదో విని అలవాటుగా "సూపర్ సార్" అన్నాడు. ఫిలోమినా, "ఏం సూపరు బాబూ, ఆ అమ్మాయి శ చూడు, ఎలా కోస్తోందో," అంది. గదిలో అందరూ బిక్కచచ్చిపోయారు. భువన మాత్రం వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

మూడో ప్రివ్యూలో హీరోయిను దుప్పటి తీసేసింది. బొమ్మ ఆడిందా అంటే పెద్దగా ఆడలేదు. శబ్దం బాగుందని మాత్రం అందరూ అన్నారు. చివర్లో జనం చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు తెర మీద జేవియర్ పేరు కింద ఇంకో పేరు పడింది. రిత్విక్ అడక్కుండా పెట్టేశాడు. ఫిలోమినా చూడలేదు, ఆమె కూడా చెప్పులే వెతుక్కుంటోంది.

ఆ తర్వాత చాలా బొమ్మలకి అలాగే సాగింది. ఒకాయనకి లావు శబ్దాలు, ఒకావిడకి సన్నటివి. వాళ్ళిద్దరినీ చూసి సుబ్బరామయ్యగారు, "మనిషి రూపంలో క్రాసోవర్," అనేవారు. రహమత్‌నగర్‌లో కూర చాలా రోజులు చిక్కుడుకాయే అయింది.

పోయిన ఏడాది వానల్లో జేవియర్ వెళ్ళిపోయాడు. ముందురోజు దాకా పనిలో ఉన్నాడు.

ఇప్పుడా కుర్చీలో నోయెల్ అని వేరే అబ్బాయి. మంచి చెవులు. అయినా పెద్ద పని వచ్చినప్పుడు, "అమ్మా, ఒకసారి వచ్చి వినండి," అని ఫోన్ చేస్తాడు. మొన్న ఎడమ స్పీకరులో ఒక కెపాసిటరు మార్చాల్సి వచ్చింది. నోయెల్ కొత్తది, ఇంకా గొప్పది తెస్తానన్నాడు. వద్దు, అదే విలువది, కుడిదాంట్లో ఉన్న రకమే తెమ్మంది ఫిలోమినా. తెచ్చి వేసి, పోపు వినిపించాడు. నూనె కాగింది. ఆవాలు పేలాయి. కరివేపాకు సుయ్యిమంది. అక్కడ నోయెల్ ఎప్పటిలాగే ఆపబోయాడు.

"ఉండనీ బాబూ. చివరిదాకా రానీ," అంది ఫిలోమినా.

స్పీకర్లో చిన్న వయసు గొంతు ఒకటి, "జరగండీ, నూనె చిందుతుంది!" అని అరిచింది.

"ఇది మీరేనా అమ్మా?" అని నోయెల్ నవ్వాడు. "మరి సార్ జరిగారా?"

"లేదు," అంది ఫిలోమినా, తన కుడి మణికట్టు మీద వేలు పెట్టి చూపిస్తూ. "ఆయనకి ఇక్కడ మచ్చ ఉండేది."